బందీలను విడిపించే మాట తీరు మన పనుల్లో, మన ఇళ్లలో: తరచుగా అడిగే ప్రశ్నలు

నేను పోలీసును కాను. ఒక కంపెనీ ఫిర్యాదుల విభాగంలో పదకొండేళ్లు ఫోన్లు ఎత్తాను. ఇప్పుడు ఆ సీట్లోకి కొత్తగా వచ్చేవాళ్లకు శిక్షణ ఇస్తుంటాను. కోపంతో ఊగిపోయే మనిషితో ఎలా మాట్లాడాలా అని వెతుక్కుంటూ పోతే, బందీల విడుదల కోసం చర్చలు జరిపే పోలీసులు ఆ విద్యలో చాలా ముందున్నారని తెలిసింది. ప్రతి బ్యాచ్‌లోనూ అవే సందేహాలు తిరిగి తిరిగి వస్తున్నాయి కాబట్టి అన్నీ ఒకచోట రాసిపెట్టాను. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోండి, వరసగా చదవాల్సిన పనిలేదు.

## మొదలుపెట్టే ముందు

తుపాకీ పట్టుకున్నవాడితో మాట్లాడే పద్ధతికీ, మా ఆఫీసు పనికీ సంబంధం ఏంటండీ?

తలుపు వేసుకుని లోపల కూర్చున్నవాడిలో ఉండేవి భయం, అవమానం, ‘నా మాట ఎవడూ వినట్లేదు’ అన్న కసి. పేమెంట్ ఆపేసిన క్లయింటులో, రాజీనామా కాగితం చేతిలో పట్టుకున్న ఉద్యోగిలో, గది గడియ పెట్టుకున్న పదిహేనేళ్ల పిల్లాడిలో ఉండేవి కూడా అవే. మోతాదు తక్కువ, అంతే. కోపం తలకెక్కిన మనిషికి లెక్కలు చెవికెక్కవు. ముందు కోపం దిగాలి, తర్వాతే లెక్క. ఈ వరస తప్పితే పోలీసులకు ప్రాణాలు పోతాయి కాబట్టి వాళ్లు దాన్ని గట్టిగా పట్టుకున్నారు. మనకు పోయేది ఆర్డరో, స్నేహమో కాబట్టి నిర్లక్ష్యం చేస్తాం.

తేడా కూడా ఉంది. చర్చలు జరిపే పోలీసు వెనక సాయుధ బృందం నిలబడి ఉంటుంది. మన వెనక ఎవరూ ఉండరు. ఎదుటివాళ్లు ఎప్పుడంటే అప్పుడు లేచి వెళ్లిపోవచ్చు, మనమూ వెళ్లిపోవచ్చు. అక్కడి ప్రతి చిట్కా ఇక్కడ అతకదు.

దీన్ని ఎవరు మొదలుపెట్టారు? ఎప్పుడు?

1972 సెప్టెంబరులో మ్యూనిక్ ఒలింపిక్స్‌లో ఇజ్రాయెల్ బృందాన్ని బందీలుగా పట్టుకున్నారు. ఆ బృందంలోని 11 మంది, ఒక పశ్చిమ జర్మనీ పోలీసు చనిపోయారు. ఇలాంటిది తమ నగరంలో జరిగితే ఏం చేయాలన్న ఆలోచన న్యూయార్క్ పోలీసులకు అప్పుడు వచ్చింది. మనస్తత్వశాస్త్రం చదివిన డిటెక్టివ్ హార్వీ ష్లాస్‌బర్గ్, అధికారి ఫ్రాంక్ బోల్జ్ కలిసి పద్ధతి తయారుచేశారు, 1973లో జట్టు ఏర్పడింది.

అదే ఏడాది జనవరిలో బ్రూక్లిన్‌లో ఒక క్రీడా సామగ్రి దుకాణంలో దొంగలు జనాన్ని పట్టుకుని కూర్చున్నారు. మొదట్లోనే ఒక పోలీసు చనిపోయాడు. మామూలుగా అయితే ఆ కోపంలో తలుపులు బద్దలుకొట్టేవాళ్లు. ఈసారి ఆగారు. 47 గంటలు సాగింది. ఈలోపు బందీలు పైకప్పు మీదుగా తప్పించుకున్నారు, దొంగలు లొంగిపోయారు. ఆ జట్టు నినాదం ‘నాతో మాట్లాడు’. రెండు మాటలే.

తర్వాత అమెరికా కేంద్ర దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ దీన్ని అయిదు మెట్లుగా రాసుకుంది: వినడం, సహానుభూతి, చనువు, మన మాటకు విలువ రావడం, చివరికి ఎదుటివాళ్ల తీరు మారడం. నా దగ్గరికి వచ్చే ప్రతి కుర్రాడూ మొదటి రోజు నేరుగా నాలుగో మెట్టు మీదికి గెంతుతాడు. ‘సార్, నేను చెప్పేది వినండి’ అని మొదలుపెడతాడు.

సహానుభూతి అంటే జాలిపడటమేనా?

తెలుగులో ఒక్క అక్షరం తేడా. సానుభూతి అంటే ‘అయ్యో పాపం’. సహానుభూతి అంటే వాళ్లు నిలబడ్డ చోట నిలబడి, అక్కడి నుంచి ఏం కనిపిస్తోందో చూసి, చూసింది పైకి చెప్పడం. వాళ్లు చెప్పేది ఒప్పుకోనక్కర్లేదు, వాళ్లను ఇష్టపడనక్కర్లేదు. బ్యాంకు దోచుకోవడానికి వచ్చినవాడితో ‘బయట ఇంతమంది పోలీసులను చూసి భయమేస్తున్నట్టుంది’ అన్న అధికారి, దోపిడీని మెచ్చుకున్నట్టు కాదు కదా.

చివరిది, ‘పైకి చెప్పడం’, అందరూ మర్చిపోతారు. మనసులో ఎంత అర్థం చేసుకున్నా నోటితో అనకపోతే ఎదుటివాళ్లకు అందదు.

ఇదంతా తియ్యగా మాట్లాడి మనుషులను బుట్టలో వేసుకోవడం కాదా?

అలా వాడేవాళ్లు ఉన్నారు. మాటల్లో పట్టు దొరికాక చాలామందికి ఆ కక్కుర్తి పుడుతుంది, నాకూ పుట్టింది. నేను పెట్టుకున్న గీత ఒక్కటే: నేనిప్పుడు ఏం చేస్తున్నానో ఎదుటి మనిషికి తర్వాత విడమరిచి చెప్పగలనా? చెబితే నవ్వి ఊరుకుంటుందా, మోసపోయాననుకుంటుందా? రెండోది అయితే ఆ మాట అనను.

పైగా నటన ఎక్కువసేపు నిలవదు. వినేవాళ్లు మూర్ఖులు కారు. రెండో వాక్యానికే ‘ఇతను ట్రైనింగ్‌లో నేర్చుకుని వచ్చాడు’ అని పసిగడతారు.

నాకు కోపం ఎక్కువ. నావల్ల అవుతుందంటారా?

అవుతుంది. కోపం లేనివాళ్లకంటే తన కోపం ఎప్పుడొస్తుందో తెలిసినవాళ్లకే ఇది త్వరగా పట్టుబడుతుంది. నాకు చెవులు వేడెక్కుతాయి. అవి వేడెక్కగానే ‘ఒక్క నిమిషం, ఇది రాసుకుంటాను’ అని నిజంగానే రాసుకుంటాను. రాసేలోపు సగం దిగుతుంది. పోలీసు జట్లలో మాట్లాడేవాడి పక్కనే ఇంకొకరు కూర్చుని వింటూ చీటీలు అందిస్తుంటారు. ముఖ్యమైన మీటింగుకు మీరూ ఒకరిని తీసుకెళ్లండి. మాట్లాడటానికి వద్దు, వినడానికి, మీ గొంతు లేస్తే చిన్నగా దగ్గడానికి.

## మాట మొదలైనప్పుడు

మొదటి మాటే ఏం మాట్లాడాలో తెలియడం లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

వాళ్లు మనల్ని ఏమని తిట్టుకుంటున్నారో అది ముందు మనమే అనేయాలి. వినడానికి భయంగా ఉంటుంది కానీ, ఇంతకంటే త్వరగా పనిచేసేది నేను చూడలేదు.

ఒక కాల్ గుర్తుంది. ఆమె అప్పటికే రెండుసార్లు ఫోన్ చేసింది. పాత పద్ధతిలో అయితే ‘నమస్తే అండీ, మీకు ఎలా సహాయపడగలను’ అనేవాణ్ని. ఆ రోజు రికార్డు చూసి, ‘అమ్మా, ఇది మీరు చేస్తున్న మూడో ఫోను. రెండుసార్లూ మాట ఇచ్చి తప్పాం. ఇతనూ కబుర్లు చెప్పి పెట్టేస్తాడులే అనుకుంటూ ఉండొచ్చు’ అన్నాను. అటు నాలుగు సెకన్లు చప్పుడు లేదు. ‘అనుకోవడం ఏంటి, అదే కదా మీరు చేసేది’ అంది. కానీ గొంతు తగ్గింది.

ఆ తర్వాత పది నిమిషాల్లో తేలిందేమిటంటే, రికార్డులో రాసినట్టు ఆమెకు డబ్బు వాపసు అక్కర్లేదు. ఆ వస్తువు ఆమె చెయ్యిపడి పాడవలేదని మేం కాగితం మీద రాసివ్వాలి. ఇంట్లో అందరూ ఆమెనే అంటున్నారట. మొదటి రెండు కాల్స్‌లో ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు. కాగితం పంపించాం, ఫిర్యాదు మూసేశాం. అప్పటిదాకా ఇద్దరు ఆఫీసర్లు వాపసు ఎంత ఇవ్వాలా అని లెక్కలు వేస్తూ కూర్చున్నారు.

ఒక జాగ్రత్త. ‘మీరు అలా అనుకోవచ్చు, కానీ...’ అని మాత్రం అనకండి. ఆ ‘కానీ’తో అంతకుముందు అన్నదంతా గాలికి పోతుంది. అని, ఆగిపోవాలి.

‘మీ బాధ నాకు అర్థమైంది’ అంటే ఇంకా మండిపడుతున్నారు. ఎందుకు?

ఏం అర్థమైందో చెప్పలేదు కాబట్టి. ఆ వాక్యం వినీ వినీ జనానికి విసుగెత్తింది. దాని బదులు బాధకు పేరు పెట్టండి. ఇందుకు మన భాషలో చక్కటి ప్రత్యయం ఉంది: ‘-నట్టుంది’. ‘చాలా విసిగిపోయినట్టున్నారు’, ‘మీకు చెప్పకుండా నిర్ణయం తీసుకున్నారని చిన్నతనంగా అనిపించినట్టుంది’. దీంట్లో మనం తీర్పు చెప్పడం లేదు, ఊహ మాత్రమే ముందు పెడుతున్నాం. తప్పైతే వాళ్లే సరిచేస్తారు: ‘చిన్నతనం కాదండీ, భయం’. ఇంకా మంచిది. అసలు విషయం వాళ్ల నోటే వచ్చింది.

దీని వెనక శాస్త్రం కూడా ఉంది. 2007లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం లాస్ ఏంజెలెస్‌లో మాథ్యూ లీబర్‌మన్ బృందం, కోపంగా, భయంగా ఉన్న ముఖాల బొమ్మలు చూపించి మెదడు స్కాన్లు తీసింది. ఆ భావానికి తగిన మాట ఎంచుకున్నప్పుడు, మెదడులో భయం, ఆందోళనలకు స్పందించే అమిగ్డలా అనే భాగం జోరు తగ్గింది. పేరు పెడితే పొంగు చల్లారుతుందన్నమాట.

‘మీకు కోపం వచ్చింది’ అని తేల్చి చెప్పకండి. ‘నాకేం కోపం లేదు!’ అని అరుస్తారు. ‘వచ్చినట్టుంది’ అనండి.

ఎదుటివాళ్ల చివరి రెండు మూడు మాటలు తిరిగి అనమంటారు కదా. తెలుగులో అది వెక్కిరించినట్టు ఉండదా?

ఉంటుంది, ఉన్నదున్నట్టు దింపేస్తే. ఇంగ్లిష్‌లో వాక్యం చివర బరువైన మాట వస్తుంది కాబట్టి అక్కడ చివరిది పట్టుకుంటే సరిపోతుంది. మనకు వాక్యం చివర క్రియ ఉంటుంది. ‘ఈ నెల మనుషులే లేరండీ, కుదరదు’ అన్నారనుకోండి. ‘కుదరదా?’ అంటే బతిమాలినట్టో, బెదిరించినట్టో వినిపిస్తుంది. మాటలన్నింట్లో బరువున్నది ఏదో చూసుకుని అది తీసుకోండి: ‘మనుషులే లేరా?’ అంతే. మిగతాది వాళ్లే చెబుతారు. ఇద్దరు మానేశారు, ఒకరు సెలవులో ఉన్నారు, ఇంకో పెద్ద ఆర్డరు నెత్తిమీద ఉంది.

మాట చివర సాగదీయండి, పైకి ఎత్తకండి. ఎత్తితే ఎకసెక్కం. ఒక సంభాషణలో నాలుగైదుసార్లకు మించి చేస్తే చిలకపలుకులు అయిపోతాయి.

గొంతు ఎలా ఉండాలి?

నిదానంగా, కొంచెం కింది స్థాయిలో. ఎదుటివాళ్లు అరుస్తుంటే మనం వాళ్లకంటే రెండు మెట్లు కింద ఉండాలి, పది మెట్లు కాదు. మరీ మెత్తగా మాట్లాడితే పిచ్చివాణ్ని సముదాయిస్తున్నట్టు ఉంటుంది, అది ఇంకా మంట. పేరు పెట్టి పిలిచేటప్పుడు ‘గారు’ మర్చిపోకండి. కోపంలో ఉన్న మనిషి మొదట లెక్కపెట్టేది అదే.

మాట్లాడకుండా ఊరుకోమంటున్నారు. మౌనం అర్ధాంగీకారం అనుకుంటారేమో?

అందుకే ఆ మౌనం ఎక్కడ పెడుతున్నామో చూసుకోవాలి. వాళ్లు డిమాండు పెట్టిన వెంటనే ఊరుకుంటే ఒప్పుకున్నట్టే లెక్క. మనం వాళ్ల మనసు గురించి ఒక మాట అన్నాక, లేదా ప్రశ్న అడిగాక ఊరుకోవాలి. ప్రశ్న అడిగి, జవాబు రాకముందే మనమే రెండు మూడు జవాబులు అందించే జబ్బు మనలో చాలామందికి ఉంది. ‘ఎప్పుడు ఇవ్వగలరు? సోమవారమా? పోనీ బుధవారం?’ వాళ్లు ఆదివారమే ఇద్దామనుకున్నారేమో!

లోపల అయిదు అంకెలు లెక్కపెట్టండి. ఫోనులో అయితే మధ్యమధ్య ‘ఊఁ’ అనండి, లేకపోతే ‘హలో, లైన్లో ఉన్నారా’ అంటారు.

‘ఎందుకు’ అని అడగకూడదా?

అడగొచ్చు, తక్కువగా. ‘ఎందుకు లేటయింది’ అంటే బోనులో నిలబెట్టినట్టు ఉంటుంది. చిన్నప్పటి నుంచీ ఆ మాట తిట్టుకు ముందే విన్నాం మరి. ‘ఏం జరిగింది?’, ‘ఎక్కడ ఆగింది?’ అంటే అదే సమాచారం వస్తుంది, సంజాయిషీ రాదు.

## బేరం నడుస్తున్నప్పుడు

చర్చలంటే వాళ్లు అడిగిందల్లా ఇచ్చేయడమేనా?

పోలీసులు ఊరికే ఏదీ ఇవ్వరు. లోపలికి భోజనం పంపాలన్నా బదులుగా ఏదో అడుగుతారు, ఒక బందీని వదలమనో, కిటికీ దగ్గర నుంచి జరగమనో. ఆయుధాలు ఇవ్వడం, ఒక బందీ బదులు ఇంకొకరిని పంపడం లాంటివి అసలు బేరంలోకే రావు. అలాగే ‘నీ డిమాండ్లు ఏంటి’ అని వాళ్లంతట వాళ్లు అడగరు. అడిగితే అప్పటిదాకా లేని డిమాండ్లు పుట్టుకొస్తాయి.

మీరూ రెండు పట్టీలు రాసుకుని వెళ్లండి. ఏమి ఇచ్చినా ఇవ్వనివి ఒకటి. ఇవ్వగలిగినవి, ఒక్కోదానికి బదులుగా ఏం అడగాలో దానితో సహా, ఇంకొకటి.

‘సరే’ అన్నారు, షేక్‌హ్యాండ్ ఇచ్చారు. వారమైనా పని కాలేదు. ఎక్కడ తప్పు జరిగింది?

అది ఏ ‘సరే’నో వినలేదు మీరు. మనకు చాలా ‘సరే’లు ఉన్నాయి. ‘సరే’ అంటే విన్నాను. ‘సరేలెండి’ అంటే ఇక వదిలెయ్. ‘సరే సరే’ అంటే టాపిక్ మార్చు. ‘అలాగే, చూద్దాం’ అంటే వద్దని మొహం మీద చెప్పలేక. మనవాళ్లకు కాదనడం మొహమాటం. అందుకే చేదు ‘కాదు’ను తియ్యటి ‘చూద్దాం’లో చుట్టి ఇస్తారు.

నిజమైన ఒప్పుకోలు వేరుగా ఉంటుంది. వాళ్లు చెప్పినదంతా, వాళ్ల ఇబ్బందితో సహా, మనం కుదించి తిరిగి చెప్పినప్పుడు ‘ఆఁ, అదే! అదే నేను మొదటి నుంచీ చెబుతోంది’ అంటారు. ఆ ‘అదే’ కోసం ఆగండి. అది రాకముందు సంతకం పెట్టించుకున్నా లాభం లేదు.

ఆ తర్వాత కూడా ఇల్లలకగానే పండగ కాదు. ‘ఇది అమలవ్వాలంటే ముందు ఎవరు ఏం చేయాలి? మధ్యలో ఏదైనా అడ్డం వస్తే మనకెలా తెలుస్తుంది?’ అని అడగండి. తడుముకోకుండా వాళ్లే అంచెలు చెబితే పని అవుతుంది. ‘అదంతా మేం చూసుకుంటాం’ అంటే సందేహించండి.

‘కాదు అనడానికి కూడా మీకు హక్కుంది, నేనేం అనుకోను’ అని నేను ముందే చెప్పేస్తాను. మొహమాటం దిగితే అసలు కారణం బయటికొస్తుంది.

ధర తగ్గించమని పట్టుబడితే?

వెంటనే కాదనకండి, వెంటనే తగ్గించకండి. ‘ఈ రేటుకు మీరు అడిగిన నాణ్యత నేనెలా ఇవ్వగలనో మీరే చెప్పండి’ అని అడగండి. నిజంగా అడగాలి. ఇదే వాక్యం సాగదీసి వెటకారంగా అంటే గొడవ, తల పట్టుకుని ఆలోచిస్తూ అంటే ఆహ్వానం. ఎదుటివాళ్లు మన సమస్య మీద కాసేపు పనిచేస్తారు. కొన్నిసార్లు అడ్వాన్సు ముందే ఇస్తామంటారు, కొన్నిసార్లు పని కొంత తగ్గిస్తామంటారు, కొన్నిసార్లు ‘అది మీ తలనొప్పి’ అంటారు. మూడోది అయితే కూడా మీకొక విషయం తెలిసింది కదా.

మనస్తత్వ శాస్త్రవేత్తలు డేనియల్ కానెమన్, ఆమోస్ ట్వర్‌స్కీ 1979లో చెప్పింది ఇక్కడ పనికొస్తుంది: వచ్చేదానికంటే అంతే మొత్తం పోవడం మనిషికి ఎక్కువ బాధ. ‘మాతో చేస్తే ఇన్ని లాభాలు’ అనే జాబితా కంటే, ఆలస్యమైతే వాళ్ల చేతిలోంచి ఏం జారిపోతుందో ఒక్కటి నిజాయితీగా చెప్పండి. బెదిరింపులా మాత్రం చెప్పకండి.

‘రేపు సాయంత్రంలోగా తేల్చాలి, లేకపోతే రద్దు’ అంటున్నారు. టెన్షన్‌గా ఉంది.

ఆ గడువు ఎక్కడి నుంచి వచ్చిందో కనుక్కోండి. ‘రేపు సాయంత్రం తర్వాత మీ వైపు ఏమవుతుంది?’ అని అడిగితే చాలు. చాలాసార్లు ఏమీ అవ్వదు. బందీల చర్చల్లో గడువు దగ్గరపడే కొద్దీ గడియారం మాట ఎత్తకుండా వేరే సంగతి మాట్లాడిస్తూ ఉంటారు. గడువు దాటిపోతుంది, ఎవరూ గమనించనట్టే ఉంటారు.

1996లో అమెరికాలోని మోంటానాలో ‘ఫ్రీమెన్’ అనే సాయుధ బృందం పొలంలో బైఠాయిస్తే ఎఫ్‌బీఐ 81 రోజులు ఆగింది. కాల్పులు లేకుండా లొంగిపోయారు. 81 రోజులు ఏ కంపెనీ ఆగుతుంది అంటారా? నిజమే. ఒక రాత్రి ఆగమంటున్నాను, అంతే.

‘మనం’ అని మాట్లాడితే దగ్గరితనం వస్తుందన్నారు. వాడుతున్నాను, పనిచేయట్లేదు.

సేల్స్‌వాళ్లు అరగదీసిన మాట అది. ‘సార్, మనకి మంత్లీ ఇంత పడుతుంది’ అంటారు, కట్టేది మాత్రం మనమే. తప్పు మీ వైపుదైతే ‘మేం తప్పు చేశాం’ అనాలి, అక్కడ ‘మనం’ అంటే చిర్రెత్తుతుంది. ఇద్దరూ చేయాల్సిన పని దగ్గరికి వచ్చాక ‘మనం’.

వాళ్ల కోణంలో చూస్తూ పోతే నేనే వాళ్లవైపు జారిపోతానేమో?

భయం అర్థంలేనిదేమీ కాదు. 1973 ఆగస్టులో స్టాక్‌హోమ్‌లోని ఒక బ్యాంకులో నలుగురు ఉద్యోగులు ఆరు రోజులు బందీలుగా ఉన్నారు. వాళ్లలో ఒకామె స్వీడన్ ప్రధాని ఓలోఫ్ పాల్మెతో ఫోనులో మాట్లాడుతూ, దొంగల కంటే పోలీసులంటేనే భయమని, దొంగలతో వెళ్లనివ్వమని అడిగింది. బందీలు తమను పట్టుకున్నవాళ్ల వైపే మొగ్గడానికి ‘స్టాక్‌హోమ్ సిండ్రోమ్’ అనే పేరు అక్కడి నుంచే. ఆ పేరు సరైందేనా అన్నది వేరే చర్చ. బయట తుపాకులు గురిపెట్టి ఉన్నప్పుడు ఆమె భయంలో లాజిక్ ఉంది. ఒకే గదిలో ఎక్కువసేపు ఉంటే చనువు రెండువైపులా పెరుగుతుందన్నది మాత్రం నిజం.

పోలీసుల విరుగుడు: మాట్లాడేవాడు నిర్ణయం తీసుకోడు, నిర్ణయం తీసుకునేవాడు మాట్లాడడు. మీరూ పెద్ద ఒప్పందానికి బాస్‌ను తీసుకెళ్లకండి. ‘అడిగి చెబుతాను’ అనే వీలు మీ చేతిలో ఉండాలి. మీరే యజమాని అయితే అక్కడికక్కడ ఒప్పుకోనని ముందే చెప్పి, ఒక రాత్రి గడువు పెట్టుకోండి.

## ముడి బిగిసినప్పుడు

నేను మంచిగా మాట్లాడుతుంటే మావాళ్లే ఇంకోవైపు లీగల్ నోటీసు పంపారు. ఇప్పుడెలా?

ఇది నేనూ అనుభవించాను. ఒక సరఫరాదారుతో మూడు వారాలు మాట్లాడి, పాత బాకీకి వాయిదాలు ఒప్పించాను. మొదటి వాయిదా వచ్చిన రోజునే మా అకౌంట్స్ నుంచి అతనికి హెచ్చరిక ఉత్తరం వెళ్లింది. సిస్టమ్‌లో ఆటోమేటిక్‌గా వెళ్లేదట. అతను ఫోన్ చేసి తిట్టలేదు. ‘మీ మాటకు మీ ఆఫీసులోనే విలువ లేదు, మీతో నాకేం మాటలండీ’ అన్నాడు. తిడితే బాగుండేది.

ఇదే తప్పు పెద్ద ఎత్తున జరిగిన చోటు వేకో. 1993లో టెక్సాస్‌లో ఒక మతబృందం ఆవరణ చుట్టూ 51 రోజులు ముట్టడి సాగింది. చర్చల వల్ల 35 మంది బయటికొచ్చారు. కానీ ఒకవైపు చర్చలు ఫలిస్తుంటే ఇంకోవైపు సాయుధ బృందం కరెంటు తీసేసింది, రాత్రంతా లౌడ్‌స్పీకర్లు మోగించింది. లోపలివాళ్లకు ఎవరి మాట నమ్మాలో తెలియలేదు. ఏప్రిల్ 19న మంటల్లో, కాల్పుల్లో 70 మందికి పైగా చనిపోయారు, వాళ్లలో పిల్లలూ ఉన్నారు. అది ఒక్క కారణం వల్లే జరిగిందని అనలేం గానీ, చర్చల బృందానికీ, ముట్టడి బృందానికీ పొంతన లేకపోవడం తర్వాతి విచారణల్లో బయటపడింది.

మీ విషయంలో, ముందు క్షమాపణ చెప్పండి, అదీ సాకు లేకుండా. ‘మా చేతులే ఒకదానికొకటి తెలియకుండా పనిచేశాయి’ అనండి. నోటీసు వెనక్కి తీసుకుంటున్నట్టు రాతలో ఇప్పించండి. ఆ తర్వాత అదే మనిషికి ఇంకో పేరు మీద ఏ ఉత్తరమూ వెళ్లకుండా మీరే కాపలా ఉండాలి.

మధ్యవర్తిని పెట్టుకోవచ్చా?

పెట్టుకోవచ్చు, ఎదుటివాళ్లు గౌరవించే మనిషైతే. 1977 మార్చిలో వాషింగ్టన్‌లో సాయుధులు మూడు భవనాల్లో 149 మందిని పట్టుకున్నారు. ఈజిప్ట్, పాకిస్థాన్, ఇరాన్ రాయబారులు ముగ్గురూ వెళ్లి వాళ్ల నాయకుడితో ఖురాన్ వాక్యాలు చెబుతూ మాట్లాడారు. 39 గంటల తర్వాత బందీలను వదిలేశారు. ఆ మాటలు పోలీసు నోట వచ్చి ఉంటే పనిచేసేవి కావు.

మీ పక్షాన మాట్లాడే బంధువును పట్టుకొస్తే మాత్రం అది మధ్యవర్తిత్వం కాదు, గుంపు కట్టడం.

పని జరగడానికి చిన్న అబద్ధం ఆడితే తప్పేంటి?

ఒకసారి దొరికితే మీ గొంతు ఇక ఎందుకూ పనికిరాదు. చెప్పలేనిది ఉంటే ‘అది నేను చెప్పలేను’ అనండి. జనం దాన్ని గౌరవిస్తారు, నేను అనుకున్నదానికంటే ఎక్కువగా.

ఎక్కడ ఇది అస్సలు వాడకూడదు?

ఇంట్లో కొట్టే మనిషి దగ్గర, బ్లాక్‌మెయిల్ చేసేవాడి దగ్గర, పని మనిషినో కింది ఉద్యోగినో రోజూ అవమానించే బాస్ దగ్గర ‘అర్థం చేసుకోవడం’ బాధితుల బాధ్యత కాదు. అక్కడ ముందు బయటపడాలి, సాక్ష్యం దాచుకోవాలి, పోలీసు సాయమో చట్టం సాయమో తీసుకోవాలి. పోలీసు చర్చలకు కూర్చున్నప్పుడు కూడా ముందు చుట్టుపక్కలవాళ్లను దూరం పంపించి, అడ్డుగోడ చూసుకునే కూర్చుంటాడు.

## ఇంట్లో

ఇంట్లోవాళ్ల మీద ప్రయోగించి చూశారా?

చూశాను, దెబ్బతిన్నాను. కొత్తగా నేర్చుకున్న రోజుల్లో మా ఆవిడ ఏదో విషయంలో విసుక్కుంటుంటే, గొంతు తగ్గించి, ‘ఇవాళ బాగా అలిసిపోయినట్టున్నావు’ అన్నాను. కాసేపు చూసి, ‘ఏంటి, ఆఫీసు గొంతు ఇంటికి తెచ్చారా? నేను కస్టమర్‌నా?’ అంది. ఆమె చెబుతోంది అలసట గురించి కాదు. మా అమ్మ ఫోన్ చేసినప్పుడు నేను పక్క గదిలోకి వెళ్లి మాట్లాడటం గురించి. అది వినకుండా ‘టెక్నిక్’ వాడాను.

ఇంట్లో మన గొంతు వాళ్లకు కంఠతా వచ్చు, కాస్త మారినా పట్టేస్తారు. అక్కడ ఇందులో ఒక్కటే పనికొస్తుంది: మనం జవాబు చెప్పే ముందు, వాళ్లు అన్నది మన మాటల్లో చెప్పి, ‘ఇదేనా?’ అని అడగడం. అదీ మామూలు గొంతుతో.

టీనేజీ పిల్లలు ‘ఏం లేదు’ తప్ప ఇంకోమాట మాట్లాడరు. వాళ్లతో?

ఎదురుగా కూర్చోబెట్టి అడగకండి. ఏదైనా పని చేస్తూ పక్కపక్కన ఉన్నప్పుడు మాట వస్తుంది. ప్రశ్న బదులు ఊహ చెప్పండి: ‘ఆ గ్రూప్‌లో నిన్ను పక్కన పెట్టినట్టుంది’. తప్పైనా సరే, సరిచేయడానికైనా నోరు విప్పుతారు. విప్పాక సలహా ఇవ్వకుండా పది నిమిషాలు ఉండగలిగితే మీకు పోలీసు ఉద్యోగం ఇవ్వొచ్చు.

దగ్గరివాళ్లు ‘బతకాలని లేదు’ అంటే ఏం మాట్లాడాలి?

పోలీసు చర్చల జట్లను పిలిపించే సందర్భాల్లో బందీలే లేనివి, ఒంటరి మనిషి తనకు తానే ప్రమాదంగా మారినవి చాలా ఉంటాయి. అప్పుడు జట్టులోవాళ్లు నేరుగా అడుగుతారు: ‘చనిపోవాలని ఆలోచిస్తున్నావా?’ అడిగితే ఆలోచన పుడుతుందన్నది అపోహ. అడగండి, ‘నీకేం తక్కువ’ అని వాదించకండి, ఒంటరిగా వదలకండి, ప్రమాదకరమైన వస్తువులు దూరం చేయండి, వెంటనే డాక్టరునో హెల్ప్‌లైన్‌నో కలపండి. ఈ ఒక్కచోట మాట తీరు మీద ఆధారపడి ఊరుకోకూడదు.

## సాధన చేసేటప్పుడు

ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి?

పోయినా ఫరవాలేని సంభాషణల్లో. క్యూలో పక్కన నిలబడ్డ మనిషితో, డెలివరీ ఇవ్వడానికి వచ్చిన అబ్బాయితో. ఒక వారం ‘బరువైన మాట తిరిగి అనడం’ ఒక్కటే చేయండి. పై వారం ‘-నట్టుంది’. అన్నీ ఒకేసారి మొదలుపెడితే ఎదుటివాళ్లు చెప్పేది వినడం మానేసి మన తర్వాతి డైలాగు వెతుక్కుంటూ ఉంటాం.

ఎదుటివాళ్లు కూడా ఇదే నేర్చుకుని వస్తే?

వచ్చారు ఒకసారి. నేను ‘సమయం గురించి కంగారు పడుతున్నట్టున్నారు’ అన్నాను. అతను కాసేపు ఆగి, ‘కంగారు?’ అన్నాడు. నేను ఆగాను. అతనూ ఆగాడు. అయిదు అంకెలు, పది అంకెలు. టేబుల్ మీద ఫ్యాన్ గాలికి కాగితాలు టపటపలాడుతున్నాయి. ముందు అతనే నవ్వాడు. ‘ఏ ట్రైనింగండీ మీది?’ అని అడిగాడు. ఆ తర్వాత అరగంటలో అయిపోయింది ఒప్పందం, ఇద్దరం మా బాస్‌లు పెట్టిన హద్దులు ఒకరికొకరం చెప్పేసుకున్నాం.